జాబితాలో రెండో పేరు

ఇరవై మూడో నూలు కండె సగం నిండిందో లేదో కరెంటు పోయింది. మోటారు రాట్నం ఒకసారి మూలిగి ఆగింది. వీధిలో మరమగ్గాలన్నీ ఒకదాని వెంట ఒకటి నోరు మూసుకున్నాయి. నాగవేణి నూలుపోగును వేలికి చుట్టి పట్టుకుని, రెండు చెవుల్లోంచి దూది ఉండలు తీసి పైట కొంగులో ముడేసుకుంది.

నగరిలో ఆ వీధికి నిశ్శబ్దమంటే కరెంటు కోతే. మిగతా వేళల్లో పక్కమనిషి పిలిచినా వినబడదు. ముప్పయ్యేళ్లుగా మాటలు వినడం కన్నా ముఖాలు చూసి అర్థం చేసుకోవడమే ఆమెకు అలవాటైంది. ముఖాలు చూసేవాళ్లకు అనుమానాలు ఎక్కువ. యాభై మూడేళ్ల సన్నటి మనిషి. జుట్టుకు ఎప్పుడూ నూలు ధూళి, కుడి చూపుడువేలి మీద పోగు కోసిన లోతైన గాడి. ఆ గాడిలో పసుపు పెట్టుకుని పెట్టుకుని వేలే పచ్చబడిపోయింది.

బీరువా పక్కన నల్లటి పెట్టె ఉంది. కొడుకు ప్రతాప్ సూళ్లూరుపేట దగ్గర ఫోన్ల ఫ్యాక్టరీలో చేస్తాడు. రెండేళ్ల కిందట ఎవరో వద్దనుకున్న కంప్యూటరు తెచ్చి, తండ్రి క్యాసెట్లన్నీ అందులోకి ఎక్కించాడు. నాగవేణి భర్త మునిప్రసాద్ పగలంతా మగ్గం నేసి, ఎండాకాలంలో భారతం నాటకాల జట్టుతో ఊళ్లు తిరిగి హార్మోనియం వాయించినవాడు. పాటలు పెట్టెలో ఉంటాయి. చేతిలో పలకంత ట్యాబ్ పట్టుకుని నొక్కితే ఇంట్లో ఏ మూలనైనా పలుకుతాయి. కరెంటు లేనప్పుడే వినడానికి వీలు కాబట్టి పెట్టెకూ వైఫై డబ్బాకూ ఇన్వర్టర్ కలిపాడు. పెట్టె పేలుతుందని నాగవేణి మొదటి నెలంతా తడి గోనెసంచి పక్కన పెట్టుకుని పడుకుంది.

ఇప్పుడు ట్యాబ్ నొక్కింది. "సర్వర్ కనబడలేదు. వెతుకుతోంది" అన్న అక్షరాల మీద చిన్న చక్రం తిరుగుతూనే ఉంది. మూడు వారాలుగా ఇదే వరస.

ఎవరు చెడగొట్టారో ఆమెకు తెలుసు. మునిప్రసాద్ రెండు నెలలుగా ప్రతి మంగళవారం తెల్లవారి బస్సుకు తిరుపతి పోతున్నాడు. నూలు బేరమంటాడు. ఒక్క ఉండ నూలూ తేడు. పోయేటప్పుడు ట్యాబ్‌ను తువ్వాల్లో చుట్టి సంచిలో పెట్టుకునేవాడు. పోయిన నెల తిరుమలలో గుండు కొట్టించుకొచ్చాడు. ఏం మొక్కు అంటే "ఉండాది లేవే" అన్నాడు. చొక్కాకు ఏదో ఘాటు వాసన. జట్టులో ద్రౌపది వేషం కట్టిన చంద్రకాంతమ్మ ఇప్పుడు తిరుపతిలోనే ఉంటోందని పక్కింటి వసంతమ్మ చెప్పినప్పటి నుంచి నాగవేణికి అన్నం సహించడం లేదు. ఆ పాటలు చంద్రకాంతమ్మకు వినిపించడానికే తీసుకుపోతున్నాడు. అరవై నిండిన మనిషి. పైగా గుండుతో.

ఈ మంగళవారం మాత్రం ట్యాబ్ వదిలేసి పోయాడు. "దీంట్లో పాట రాలే. అబ్బోన్ని అడిగి బాగుచేయించు," అన్నాడు చెప్పులేసుకుంటూ.

టీ వేళ చూసుకుని ప్రతాప్‌కు ఫోన్ చేసింది.

"ఎవురికేమైంది మా?" ఆమె ఫోనంటే వాడి మొదటి మాట అదే.

"ఎవురికీ ఏమీ కాలే. నీ గొంతేంది అట్లుండాది?"

"టీ తాగతా ఉండా. సెప్పు."

"పాటల పెట్టె కనపడలేదంట. వసంతమ్మోళ్లు మన వైఫై దొంగిలించినారేమో సూడు."

"వాళ్లు వాడుకుంటే మన పెట్టె యాడికి పోతాది? దాని మీద పచ్చ లైటుండాదా?"

"ఉండాది. మిణుకుమిణుకు అంటా ఉండాది. పేలదు కదా?"

"రెండేండ్లుగా పేల్లే. ఈ పొద్దు నాతో మాట్లాడతా ఉండావని పేలతాదా? వైఫై డబ్బా సూడు."

అదీ వెలుగుతోంది. పెట్టె తీగ ఊడదీసి మళ్లీ గుచ్చమన్నాడు. కళ్లు మూసుకుని గుచ్చింది. చక్రం తిరుగుతూనే ఉంది.

"అయితే ట్యాబ్ ఏదో వేరే వైఫై పట్టుకోనుంటాది. సెట్టింగుల్లో పేర్లుంటాయి సూడు. మనింటి పేరు గాక ఇంకేమన్నా ఉండాదా?"

ఆమె కళ్లజోడు పెట్టుకుంది. ఏడో తరగతితో ఆగిన చదువు. ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటిగా గుర్తుపట్టగలదు, కలిపి చదవలేదు. మొదటిది ఇంటి పేరు, వాడే నేర్పించాడు. దాని కింద ఇంకోటి ఉంది. దొరికింది ఆ ఇల్లు.

"ఉండాది నాయనా. రాసుకో. ఓ, ఎన్, సీ, ఓ. రొంత ఎడం. డీ, ఏ, వై..."

అవతల గ్లాసు కింద పెట్టిన చప్పుడు వినబడింది.

"ఎవురిల్లురా అది? సెంద్రకాంతమ్మదేనా? నాతో దాయొద్దు."

"ఇల్లు కాదు మా." ప్రతాప్ గొంతు తగ్గింది. "ఆస్పత్రి. క్యాన్సరోళ్లకు మందెక్కించే కాడ అట్ల పేరు పెడతారు. మా సూపర్‌వైజర్‌ను సూడను పోయినప్పుడు సూసినా. నాయన ఎవుర్నన్నా పలకరించను పోయింటాడు. నువ్వు గమ్మునుండు. ఏదేదో ఊహించుకోవద్దు."

ప్రతాప్ బడి బస్సు పావుగంట ఆలస్యమైతే చాలు, బస్సు బోల్తా పడ్డట్టు చూసిన మనిషి ఆమె. ఇప్పుడు మాత్రం ఏ ఊహా రాలేదు. గుండు గుర్తొచ్చింది. కనుబొమలు కూడా పలచబడ్డాయి కదా అనుకుంది. మొక్కు తీర్చుకున్నవాళ్లకు కనుబొమలు పోవు. చేతి వెనక అంటించిన దూది, స్పిరిట్ వాసన, సంగటి ముద్దను కంచంలోనే కదిలించి లేచిపోవడం. అన్నీ ఆమె కళ్ల ముందే జరిగాయి. అన్నింటినీ పోగేసి చంద్రకాంతమ్మ పేరు పెట్టుకుంది.

ప్రతాప్ నిదానంగా చెప్పుకుంటూ వచ్చాడు. పాటల యాప్‌లో పెట్టె అడ్రస్ దగ్గర ఎవరో చేత్తో అంకెలు కొట్టారు; అవి చెరిపేసి మళ్లీ వెతకమన్నాడు. చెరిపేసింది. చక్రం రెండు చుట్లు తిరిగి ఆగింది. గదిలో హార్మోనియం మొదలైంది. పాటకు ముందు ఎవరో దగ్గారు, ముప్పయ్యేళ్ల మునిప్రసాద్ గొంతు "రొంత శ్రుతి పెంచప్పా" అంది.

"వస్తా ఉండాది," అని ఫోన్ పెట్టేసింది.

సాయంత్రం దాకా చేతి రాట్నం మీద కండెలు చుట్టింది. ఒక్క పోగూ తెగలేదు.

అయిదు గంటలకు మునిప్రసాద్ వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చెప్పులు విప్పుకోవడానికి రెండుసార్లు ఆగాడు. ఆమె గంజి గ్లాసు ఇచ్చింది.

"పాట వస్తా ఉండాది."

"ఔనా. ఆడ ఆ పాప ఎంత నొక్కినా రాలే," అన్నాడు. అనేశాక తువ్వాలు తల మీదికి లాక్కున్నాడు.

"ఏ పాప?"

"నూలంగట్లో పాప."

"నూలంగట్లో మందెక్కిస్తారా?"

ఆయన గ్లాసులోకి చూశాడు. అప్పుడే కరెంటొచ్చింది. వీధి మొత్తం ఒక్కసారిగా మోగింది. ఆయన పెదవులు కదిలాయి; వినబడలేదు. ఆమె దగ్గరికి జరిగింది. ఆయన ఆమె చెవి దగ్గర నోరు పెట్టి, ముప్పయ్యేళ్లుగా ఉప్పూ చింతపండూ అడిగినంత గట్టిగా అరిచాడు.

"నీకు సెప్తే నాకంటే ముందు నువ్వు సచ్చిపోతావని!"

ఆమె ఆయన ముఖాన్ని చూసింది. ఈసారి ఏ అనుమానమూ లేకుండా చూసింది. ఆ ముఖం చాలా చిన్నదైపోయింది.

"పాటలెందుకు మోసినావు ఆడికి?" అని అరిచింది.

"నాలుగు గంటలు కుర్సీలో కూసోవాల. ఇంటి పెట్టె ఆడికీ పలుకుతాదనుకున్యా. పాపం ఆ నర్సుపాప వైఫై కలిపింది, అంకెలు కొట్టింది. రాలే."

"వచ్చే మంగళవారం నాకూ టికెట్టు తీయి."

"ఆడికొచ్చి ఏడవకూడదు."

"ఈడ ఏడిస్తే ఎవురికి వినబడింది?" అంది నాగవేణి. రాట్నం స్విచ్ వేసింది.

ఆ ఆదివారం ప్రతాప్ వచ్చి, తండ్రిని ఏమీ అడక్కుండా, పాటలన్నీ ట్యాబ్‌లోకే ఎక్కించాడు. ఇక పెట్టెతో పని లేదు. తొమ్మిది మంగళవారాలు ఇద్దరూ పుత్తూరు మీదుగా బస్సులో పోయారు. కుర్సీ పక్కన స్టూలు మీద కూర్చుని, చెవుల తీగలో ఒకటి ఆయన చెవికి, ఒకటి తన చెవికి పెట్టేది. ఆమె ఏడవలేదు. నర్సుపాప కోమలికి ఊరిబిండి పచ్చడి సీసాలో పెట్టి తీసుకుపోయేది. పదో మంగళవారం బస్సు వాళ్లు లేకుండానే పోయింది. ముందురోజు మధ్యాహ్నం, మగ్గాలన్నీ ఆడుతుండగా, మునిప్రసాద్ చాప మీదే పోయాడు. మజ్జిగ తీసుకొచ్చిన నాగవేణి ముఖం చూసి తెలుసుకుంది.

దినాలయ్యాక ప్రతాప్ ట్యాబ్ సరిచేస్తూ, "వైఫైల్లో ఈ రెండో పేరు తీసేస్తా మా. ఇంక పనికిరాదు," అన్నాడు.

"ఉండనీ."

కండెల బుట్టలో, నూలు ధూళి కింద, ట్యాబ్ వెలుగుతోంది. ఇంటి పేరు పైన ఉంది. దాని కింద బూడిదరంగు అక్షరాల్లో రెండో పేరు.