తాయమ్మ కట్టిన సవరం

మేకులు దిగ్గొట్టిన చెక్క మీద వెంట్రుకల పాయను రెండోసారి లాగేసరికి చిక్కు విడిపోయింది. తాయమ్మ ఆ పాయను వేలికి చుట్టి, ఎర్రదారంతో ముడివేసి, కొసను పంటితో కొరికింది. చిత్తూరు బస్టాండు వెనక సందులో, ఎప్పుడో మూసేసిన గాజుల కొట్టు అరుగు ఆమె చోటు. గోడ మేకులకు సవరాలు వేలాడుతున్నాయి. కొనేవాళ్ళు లేక కొన్ని ఎండకు ఎర్రబడ్డాయి.

తాయమ్మ వెన్ను వంగింది. వేళ్ళ కొసలు రంగు పట్టి నల్లబడ్డాయి. ఆమె తల మీద మాత్రం నిమ్మకాయంత ముడి. ఊరందరికీ సవరాలు కట్టే మనిషి తనకొకటి ఎందుకు కట్టుకోలేదంటే నవ్వి ఊరుకుంటుంది.

ఒకప్పుడు బేరం ఇట్లా ఉండేది కాదు మరి. పెళ్ళిచూపుల్లో పిల్లను మంచినీళ్ళు తెమ్మనేవాళ్ళు. దాహమై కాదు, వెనక్కి తిరిగితే జడ ఎందాకా ఉందో చూడాలని. ఒళ్ళు నిండుగా ఉంటే ఇంకా మంచిది. బక్కపిల్లను చూస్తే ఇంట్లో తిండికి లేదేమో అనుకునేవాళ్ళు. ఇప్పుడు బక్కగా ఉండాలనే తిండి మానేస్తున్నారు. జుట్టు భుజాల దాకా కత్తిరించి, ఇస్త్రీ చేసినట్టు సాపు చేయించుకుంటున్నారు.

"గుడి స్తంభాల మీద రాతి ఆడోళ్ళను సూసినావా తాయక్కా?" అంది పక్కన పూలమ్మే శకుంతలమ్మ. "జడే లేదు, పక్కకి ఇంత ముడి. ఆ ఒళ్ళు సూస్తే ఇప్పటోళ్ళు లావని ఒదిలేసి పోతారు."

"రాయికేం, ఎవురొదిలినా ఆడే నిలబడుంటాది," అంది తాయమ్మ.

అప్పుడే ఒక పిల్ల అరుగు దగ్గర ఆగింది. కళ్ళు వాచి ఉన్నాయి. పేరు పవిత్ర అంది.

"మాయమ్మ నీ దగ్గరికే పొమ్మనింది అవ్వా. క్యాన్సరు. మందులకు జుట్టంతా రాలిపోయినాది. ఇంక ఇంటికి తీసకపొమ్మన్నారు, ఈడే మురకంబట్టులో మా ఇంట్లో ఉండాది. ఒక్కసారి జడేసుకుని అద్దంలో సూసుకోవాలంటాది." కాగితం పొట్లం విప్పి పాత సవరం ఇచ్చింది. "ఇది మాయమ్మ సొంత ఎంటికలే. వయసులో కత్తిరించి దాచుకునిందంట. ఈ జడను సూసే మా నాయన చేసుకున్నాడంట. కొసంతా పురుగు కొట్టేసినాది."

తాయమ్మ సవరం తలకట్టు తిప్పి చూసింది. లోపల ఎర్రదారం, జంట ముడి. ఆ ముడి తనదే.

"మీయమ్మ పేరు?"

"రుక్మిణమ్మ."

విషజ్వరం వచ్చి జుట్టు ఊడిపోయిన రుక్మిణమ్మ, పెళ్ళి కాని పిల్ల, ఎన్నో ఏళ్ళ కింద ఒకరోజు తాయమ్మ ఇంటి పెరట్లో కూర్చుంది. మొదటిసారి సవరాన్ని కట్టిన చేతులే జడలో కలపాలి, అది ఈ పనిలో వాడుక. ఎవరి జడలో ఎంత తమదో బయట చెప్పకూడదు, అదీ వాడుకే. తాయమ్మ ఎవరెవరివో వెంట్రుకలతో సవరం కట్టి, అతుకు కనబడకుండా అల్లి పంపింది. వాకిట్లో తాయమ్మ మొగుడు చెంగయ్య కూర్చుని ఉన్నాడు. గడప దాటి పోతున్న ఆ జడను చూసి, "ఆడదంటే అట్లుండాల," అన్నాడు. ఆ ఏడే ఆ జడ వెనకాల రుక్మిణమ్మ ఊరు పుత్తూరు పోయి, మళ్ళీ రాలేదు. చాన్నాళ్ళకు చచ్చిపోయాడన్న కబురు మాత్రం వచ్చింది.

ఆ జడ నీ చేతిదని మొగుడికి చెప్పవే అని తల్లి మొత్తుకున్నా తాయమ్మ నోరు విప్పలేదు. ఒకసారి విప్పితే ఇంక ఎవరు తలవంచి ఆమె ముందు కూర్చుంటారు?

ఇప్పుడు చెంగయ్య కూతురు ఎదురుగా నిలబడి ఉంది, అదే నుదురు.

"మంచి ఎంటికలు పాపా," అంది తాయమ్మ. "సాయంత్రానికయిపోతాది. నువ్వు పోయి మీయమ్మ కాడుండు. నేనే వచ్చి జడేస్తా."

కొసకు కలపడానికి అంత పొడవు వెంట్రుకలు ఆమె దగ్గర లేవు. ఇప్పుడు దొరికేవన్నీ పొట్టివే. ఇంటికి పోయి పెట్టె అడుగునున్న గుడ్డమూట తెచ్చింది. పెళ్ళయిన కొత్తలో దువ్వెనకు వచ్చిన తన వెంట్రుకలను ఒక్కటీ పారేయకుండా, ఎప్పటికైనా తనకూ సవరం కట్టుకోవాలని దాచుకున్న మూట అది. చెంగయ్య వదిలిపోయాక దాన్ని విప్పలేదు.

అన్నం కూడా తినకుండా కూర్చుని కట్టింది. పొద్దు వాలేసరికి అయిపోయింది. నూనె రాసి, దువ్వెన సంచిలో పెట్టుకుని లేచింది.

"కాస్త సూసుకో శకుంతలా, మురకంబట్టుకు పోయొస్తా."

శకుంతలమ్మ ముందు ఒకతను మోటారుసైకిలు ఆపాడు. "పెద్ద దండలు రెండియ్యి. మా అత్తకు."

"ఏ ఊరప్పా?"

"మురకంబట్టు. రుక్మిణమ్మ. ఇందాకే పోయినాది."

తాయమ్మ సంచి దించింది. సవరం రెండు చేతులా పట్టుకుని అతని దగ్గరికి నడిచింది.

"మీయత్త జడ నాయనా. కట్టేసినా. నన్ను తీసకపో, ఏసి వచ్చేస్తా."

అతను సవరం వైపు చూశాడు, ముట్టుకోలేదు.

"తలకు గుడ్డ కట్టేసినారవ్వా. ఎత్తే టయానికి ఇంక అదెందుకులే."

దండలు తీసుకుని పోయాడు. శకుంతలమ్మ పూలమీద నీళ్ళు చల్లుకుంది.

తాయమ్మ సవరాన్ని మేకుకు తగిలించింది. పైన సగం పాత వెంట్రుకలు, కింద సగం ఆమె వయసునాటివి, రెండూ ఒకే నలుపు. బస్సు పోయినప్పుడల్లా గాలికి అది గోడ మీద అటూ ఇటూ ఊగుతోంది, అతుకు ఎక్కడా కనబడకుండా.