లారీ ఎక్కిన చోడి అంబలి

సాలూరులో లారీ లేని వీధి ఉండదు. అప్పలసూరి కుర్రతనంలోనే క్లీనరుగా లారీ ఎక్కాడు. మీసాలొచ్చాక స్టీరింగు పట్టుకున్నాడు. అప్పట్నించీ ఘాట్ రోడ్డు మీదుగా జయపురం లైనులోనే తిరుగుతున్నాడు. బండి నడపడంలో అతనికి వంక పెట్టినవాడు లేడు. వంకంతా తిండి దగ్గరే. కొండ ఎక్కేముందు చిప్సు ప్యాకెట్లు, దిగేటప్పుడు కూల్‌డ్రింకు, మధ్యలో క్రీము బిస్కెట్లు, దాహం వేసినప్పుడల్లా ఒక కొత్త నీళ్ళ సీసా. భార్య ధనలక్ష్మి ఫోన్ చేసి "ఏటి తిన్నావు మావా?" అంటే మాత్రం "అన్నం, పప్పు" అనేవాడు తడుముకోకుండా.

దసరాకి లారీని కడిగి పూజ చేద్దామని ఇంటి ముందు నిలిపాడు. అతను పూలదండల కోసం బజారుకెళ్ళాడు. ధనలక్ష్మి చీపురు పట్టుకుని క్యాబిన్‌లోకి ఎక్కింది. సీటు వెనక చెయ్యి పెడితే గలగలమంది. లాగితే ఒక ప్యాకెట్టు, దాని వెనక ఇంకొకటి, సీటు కింద సొట్టలు పడ్డ సీసాలు, గ్యాసుకి వేసుకునే మాత్రల అట్టలు. అన్నీ దింపి అరుగు మీద పోస్తే నూర్చిన వడ్ల కుప్పలా అయింది.

పక్కింటి లక్ష్మణమ్మ వచ్చి ముక్కున వేలేసుకుంది. "ఏటే ఇది? మీ ఆయన లారీలో కొట్టు గాని ఎట్టాడేటి?"

అప్పలసూరి దండలు భుజాన వేసుకుని వచ్చేసరికి ధనలక్ష్మి కుప్ప పక్కనే కూర్చుని ఉంది. అతని కాళ్ళు గుమ్మం దగ్గరే ఆగిపోయాయి.

"అన్నం, పప్పు ఏవీ? ఈ కుప్పలో ఎక్కడా అవుపడ్డం లేదు," అంది ఆమె.

"రోడ్డు మీద ఏటి దొరుకుతాదే? ఏది దొరికితే అదే తింటాం," అని నసిగాడు.

"దొరక్కపోతే అట్టుకెళ్ళాల. ఈ ట్రిప్పుకి నానూ వస్తాను."

"లారీలోనా? ఆడదాన్ని ఎక్కించుకుని ఎల్తే లైన్లో నా పరువేటైపోద్ది?"

"నీ పరువు ఇదిగో, అరుగు మీదే ఉన్నాది. సూసుకో."

అప్పలసూరి వెనక్కి తిరిగి దండలు లారీకి కట్టడం మొదలెట్టాడు.

పండగ వెళ్ళాక జయపురానికి సిమెంటు లోడు పడింది. అన్న మాట ప్రకారం ధనలక్ష్మి తెల్లారేసరికి తయారైంది. ఒక చేతిలో పాలు పోసుకునే పెద్ద అల్యూమినియం కేను, దాని నిండా చోడి అంబలి, అదే రాగి జావ. ఇంకో చేతిలో కిరసనాయిలు స్టవ్వు. నెత్తి మీద మూట. అందులో గిన్నెలు, చోడి పిండి, సామలు, గుమ్మడికాయ, ఉల్లిపాయలు, ఎండు నెత్తళ్ళ చేపలు, సంతలో కొన్న అడ్డాకుల విస్తర్లు. సామాను ఎక్కించేసరికి క్యాబిన్ వంటిల్లయిపోయింది.

కొండ కింద టీ దుకాణం దగ్గర, తన లారీ దిగుతున్న ఎల్లాజీ చూడనే చూశాడు. ఎల్లాజీ కూడా ఇదే లైను డ్రైవరు, అప్పలసూరికి పాత నేస్తం, నోరు మంచిదేగాని మూత లేనిది.

"ఏటి బావా, కాపురం లారీలోకి మార్సీసావా?" అని కేకేశాడు.

దుకాణం దగ్గరున్నవాళ్ళంతా ఒక్కసారి గొల్లుమన్నారు. అప్పలసూరి తువ్వాలు మొహాన కప్పుకుని బేగి టీ తాగేశాడు. పాత అలవాటు ఊరుకోనిస్తుందా? ఎవరూ చూడకుండా ఒక చిప్సు ప్యాకెట్టు కొని చొక్కా లోపల దోపుకున్నాడు. బండి కదిలాక తెలిసింది కష్టం. గేరు మార్చినప్పుడల్లా కడుపు దగ్గర కరకరమంటోంది. ధనలక్ష్మి కిటికీలోంచి కొండలే చూస్తూ, "మావా, నీ చొక్కా గంజి మరీ ఎక్కువైనట్టున్నాది," అంది. అతను ప్యాకెట్టు తీసి ఆమె ఒళ్ళో పెట్టాడు.

ఘాట్‌లో సగం ఎక్కారో లేదో, ముందున్న బళ్ళన్నీ ఆగిపోయాయి. పై మలుపులో ఇనుప కమ్ములు మోస్తున్న పెద్ద ట్రెయిలరు అడ్డం తిరిగి ఇరుక్కుపోయిందట. క్రేను రావాలి. అది సాయంత్రానికి గాని రాదు. వెనక చూస్తే ఎల్లాజీ లారీ, దాని వెనక కార్లు, బస్సు. ముందుకీ లేదు, వెనక్కీ లేదు. చుట్టుపక్కల కొట్టన్నదే లేదు.

ఎండ నడినెత్తికి వచ్చేసరికి సీసాలు ఖాళీ అయ్యాయి, బిస్కెట్లు ఖాళీ అయ్యాయి. ఖాళీలన్నీ మలుపు పక్కన లోయలోకి ఎగురుతున్నాయి. అప్పలసూరికి కడుపు మండిపోతోంది. ధనలక్ష్మి అంబలిలో మజ్జిగ కలిపి, ఉల్లిపాయ కొరుక్కోమని చేతిలో పెట్టింది. ఒక గ్లాసు తాగాడు. ఇంకొకటి అడగడానికి మొహమాటపడి, అడిగేశాడు. చిన్నప్పుడు పొలం గట్టున తాగిన రుచి. చల్లగా గొంతు దిగి కడుపులో కుదురుగా కూర్చుంది.

ఎల్లాజీ టైరుకి ఆనుకుని నిలబడి అటే చూస్తున్నాడు. నవ్వు మొహంలో లేదు.

"రా అన్నా, కాపురం లారీలో ఉన్నా కూడు కూడే," అంది ధనలక్ష్మి.

"నీ నోటికి దణ్ణం సెల్లెమ్మా," అంటూ వచ్చి గ్లాసు అందుకున్నాడు.

అతను మూతి తుడుచుకునేలోపు ఇంకో నలుగురు డ్రైవర్లు వచ్చారు. కారులోంచి ఒకాయన ఏడుస్తున్న పిల్లని ఎత్తుకొచ్చాడు. కేను అడుగు కనబడింది. ధనలక్ష్మి కొంగు బిగించి, "మావా, గెడ్డకెల్లి నీళ్ళట్రా," అంది. కొండవాగు పక్కనే పారుతోంది. పరువు మాట అప్పలసూరికి గుర్తే రాలేదు. కేను కడిగి నీళ్ళు మోసుకొచ్చాడు. ఎల్లాజీ గుమ్మడికాయ కోశాడు. తొక్కతోనే కూరలో వేసిందామె. గింజల్ని వేరే వేయించి ఆ పిల్ల గుప్పిట్లో పోస్తే, ఏడుపు ఆపి ఒక్కొక్కటే ఒలుచుకు తింది. సామల అన్నం, గుమ్మడికూర, స్టవ్వు మీద వేయించిన నెత్తళ్ళు. అడ్డాకుల్లో వడ్డిస్తే రోడ్డు మీదే వరసగా కూర్చుని తిన్నారు.

తినేశాక ధనలక్ష్మి ఒక ఖాళీ గోనె తెచ్చి మధ్యలో పడేసింది. "ఇస్తళ్ళు మేకలు తింటాయి. మీరు లోయలోకి ఇసిరిన సీసాలు ఎవులు తింటారు? ఏరి దీన్లో ఎయ్యండి."

డ్రైవర్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తిన్న కూడు అరక్కముందే కాదనడం ఎలా? అందరికంటే ముందు ఎల్లాజీయే గొణుక్కుంటూ లేచాడు. గోనె నిండిపోతే ఇంకొకటి కావాల్సొచ్చింది. ఆ వేళకి మేకల్ని తోలుకుంటూ ఒక ముసలాయన వచ్చాడు. విస్తర్లు చూసి మేకలు ఎగబడ్డాయి. చూస్తూండగానే రోడ్డు తుడిచినట్టయింది.

పొద్దు వాలుతుండగా క్రేను వచ్చింది, దారి తెరుచుకుంది. కొండపైకి చేరేసరికి లోయంతా పసుపు ఆరబోసినట్టుంది. "మెల్లిగా పోనియ్ మావా. ఇన్నేళ్ళూ నువ్వొక్కడివే సూసీసావు ఇదంతా," అంది ధనలక్ష్మి. అప్పలసూరి ఇంకో గేరు తగ్గించాడు. ఆమె నవ్వు చూస్తే, ఇన్నాళ్ళూ ఎందుకు తీసుకురాలేదా అనిపించింది.

జయపురంలో సిమెంటు దించి, రెండు గోనెలూ పాతసామాను కొట్టులో ఇచ్చేశారు. తిరుగు దారిలో గెడ్డ దగ్గర లారీ దానంతటదే ఆగినట్టు ఆగింది.

"నువ్వు కూకో. ఈ పూట అంబలి నాను కాస్తాను," అన్నాడు అప్పలసూరి.

కాశాడు. పిండి చన్నీళ్ళలో కలపకుండా సలసల కాగే నీళ్ళలో పోసేశాడు. చోడి అంబలి కాస్తా గోళీలంత ఉండలు కట్టింది. ఎంత గరిటె తిప్పినా కరగలేదు. వెనకాలే లారీ ఆపి వచ్చిన ఎల్లాజీ గిన్నెలోకి తొంగిచూసి, "ఇది తాగాలా బావా, నమలాలా?" అన్నాడు.

ధనలక్ష్మి గెడ్డ ఒడ్డున రాయి మీద కూర్చుని, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వింది. నవ్వుతూనే గ్లాసు చాపి, "పొయ్యి మావా, బాగానే ఉంటాది," అంది.