తీసి పెట్టిన జత

జాకెట్టు లోపల ప్లాస్టిక్ కవరులో చుట్టి దాచుకున్న ఫోను మళ్ళీ అదిరింది. అబిగయీలు చేతులు ఐసు నీళ్ళలో మొద్దుబారి ఉన్నాయి. రొయ్య తల తుంచి, పొట్టు ఒలిచి, వీపు మీద నరం లాగి పళ్ళెంలో వేస్తూనే సూపర్‌వైజరు ఎటు తిరిగాడో ఓరగా చూసింది. షెడ్డులో ఫోను కనపడితే ఆ పూట కూలి కోసేస్తారు. ఎత్తకపోతే పార్సిలు వెనక్కి పోతుంది. పార్సిలు వెనక్కి పోతే, సోమవారం నెల్లూరు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగంలో చేరబోయే కూతురు సుప్రియ తెల్లబూట్లు లేకుండా నిలబడాలి. బూట్లు లేనివాళ్ళను వార్డులోకి రానివ్వబోమని వాళ్ళు ముందే చెప్పారు.

"కడుపులో తిప్పుతుండాది సారూ, ఒక్క నిమిషం" అని లేచింది.

పక్కన కూర్చుని ఒలుస్తున్న వాణి కిసుక్కున నవ్వింది. అబిగయీలు కడుపుకు వచ్చిన జబ్బేమిటో ఆమెకు తెలుసు. ఆ వరసలో సగం మంది ఆడవాళ్ళకు వారానికోసారి అదే జబ్బు వస్తుంది.

గేటు బయట ఒకతను మోటారుసైకిలు మీద కూర్చుని ఉన్నాడు. వీపుకు పెద్ద సంచి, తలకు హెల్మెట్టు, మూతికి గుడ్డ.

"అబిగయీలు గారేనా? ఓటీపీ చెప్పండి" అంటూ తలెత్తి, ఆమెను చూసి ఆగిపోయాడు. ఆమె కూడా ఆగిపోయింది. మొహం కప్పుకున్నా గొంతు కప్పుకోలేడు కదా. షఫీక్! మైపాడు సెంటర్లో చెప్పుల కొట్టు మీరా మొహిద్దీన్ కొడుకు.

ఆ క్షణాన భూమి బద్దలై తనను లోపలికి లాక్కుంటే బాగుండుననిపించింది అబిగయీలుకు. ఎందుకంటే ఈ బూట్ల సంగతి మొదలైందే ఆ కొట్టులో.

బుధవారం పొద్దున మీరా మొహిద్దీన్ షట్టరు ఎత్తి, గడప ముందు నీళ్ళు చల్లి, ఊదొత్తి వెలిగించాడో లేదో, తల్లీకూతుళ్ళు వెళ్ళి నిలబడ్డారు. అరవై దాటిన మనిషి. నేల మీద గొంతుక్కూర్చుని, సుప్రియ పాదాన్ని తన మోకాలి మీద పెట్టుకుని, ఒక్కో జత తొడిగి చూశాడు. సుప్రియ పాదం ముందు భాగం వెడల్పు. ఏ బూటైనా చిటికెన వేలిని కరుస్తుంది. "ఉండు తల్లీ, రోజంతా నిలబడే ఉద్యోగం, ఊరికే ఏదో ఒకటి తగిలించుకుంటే ఎట్టా" అంటూ పై అరలోంచి దింపి దింపి, చివరికి కుదిరిన జత పట్టుకొచ్చాడు. ధర ఆరు వందల యాభై. సుప్రియ అటు తిరిగి ఫోనులో వెతికి తల్లి చెవిలో గొణిగింది. చూడటానికి అచ్చం అట్లాంటివే, నాలుగు వందల పంతొమ్మిదికే ఇంటికి తెచ్చి ఇస్తారట.

తేడా రెండు వందల చిల్లర. మనకది చిల్లరే కావచ్చు. నాలుగు వందల కూలికి పొద్దుగూకేదాకా ఒలిచే మనిషికి అది సగం రోజు ఐసు నీళ్ళు.

మరి ఉత్త చేతులతో లేచి రావడమెట్లా? బోణీ వేళ. బోణీ బేరం చెడగొట్టిపోయిన మనిషిని కొట్టువాళ్ళు ఆ రోజంతా తలుచుకుంటారు. అబిగయీలు తల్లి గంప నెత్తిన పెట్టుకుని ఊరూరా చేపలమ్మిన మనిషి. బోణీ సంగతి ఆమెకు ఒకరు చెప్పాలా? అందుకని అట్టపెట్టె మీద చెయ్యి వేసి, "ఇవి మావే భాయ్. తీసి పెట్టు. శనివారం కూలి డబ్బులు రాంగానే తీసకపోతా" అనేసింది. మీరా మొహిద్దీన్ ఆ మాటనే బోణీగా పుచ్చుకున్నాడు. పెట్టెను కళ్ళకద్దుకుని గల్లా కింద భద్రంగా పెట్టాడు. వాళ్ళు సందు మలుపు తిరగకముందే సుప్రియ ఫోనులో ఆర్డరు పెట్టడం, డబ్బు కట్టడం కూడా అయిపోయింది.

ఇప్పుడు అదే కొట్టు వారసుడు ఆ పార్సిలు పట్టుకుని గేటు ముందున్నాడు.

"పాపకి బూట్లా అక్కా?" అన్నాడు షఫీక్. చీటీ మీద రాసే ఉంది. అబద్ధమాడటానికి సందు లేదు.

"అవునబ్బయ్యా."

"నాయన మీకని ఒక జత తీసి పెట్టుండాడే! నిన్న ఇందుకూరుపేట నుంచి ఎవురో నర్సమ్మ వొచ్చి అదే సైజు అడిగితే గూడా ఇయ్యలా. అబిగయీలమ్మ మాటిచ్చి పోయింది, వొస్తాది అన్నాడు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. ఉన్నా బాగుండేది, తిట్టినా పడేది. సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోయి, మాట మార్చడానికి ఏదో ఒకటి అడిగింది.

"నువ్వేంది ఈ పని? కృష్ణపట్నం పోర్టులో, గోడౌన్లో చేస్తుండావని మీ నాయన చెప్పినాడే?"

షఫీక్ మూతి గుడ్డ ఇంకాస్త పైకి లాక్కున్నాడు.

"నేను నెల్లూరు లైన్లో తిరుగుతానక్కా. ఈ పక్కకి వొచ్చే కిషోర్ బాబు బండి మీద నుంచి పడినాడు. ఈ రెండు రోజులు నన్ను పోయి రమ్మన్నారు. పార్సిలుకి పదమూడు రూపాయలు, పెట్రోలు నాదే. అయినా కొట్టు కంటే నయం. నాయనకి ఏ మొహం పెట్టుకొని చెప్పేది? ఈ సంచులు మోసేవాళ్ళే మన కొట్టుని మింగినారు అంటాడాయన. నువ్వు చెప్పబాక అక్కా. నీ సంగతి నేనూ చెప్పను."

"చెప్పనబ్బయ్యా. నా బిడ్డ మీద ఒట్టు."

అట్లా ఎండలో నిలబడి ఇద్దరూ బేరం కుదుర్చుకున్నారు. ఒకరి సిగ్గు ఒకరు దాచే బేరం.

ఆమె ఒలిచిన రొయ్యలు ఓడలెక్కి, ఆమెకు పేరు పలకడం రాని దేశాలకు పోతాయి. ఆమె కూతురి బూట్లు ఆమె చూడని ఊళ్ళ నుంచి లారీలెక్కి వస్తాయి. మధ్యలో, పిలిస్తే పలికేంత దూరంలో ఉన్న చెప్పుల కొట్టే అందకుండా పోయింది. ఇందులో తప్పెవరిదని అడిగితే పెద్దవాళ్ళెవరూ దొరకరు. రోజంతా ఐసులో చేతులు పెట్టించుకుని నాలుగు వందలు చేతిలో పెట్టేవాడిని ఎవరూ నిలదీయరు. అందులోంచి రెండు వందలు మిగుల్చుకుందామని చూసిన ఆడమనిషిని మాత్రం ఆమె మనసే బోనులో నిలబెడుతుంది.

ఆ సాయంత్రం సుప్రియ కొత్త బూట్లు తొడుక్కుని గుమ్మం దాకా నడిచి, అక్కడే కూలబడిపోయింది. నంబరు సరిగ్గా అదే. చిటికెన వేలు మాత్రం నలిగిపోతోంది.

"వాపసు పంపించి వేరేవి తెప్పించుకోవాలంటే వారమవుతాదంటమ్మా" అంది ఏడుపు గొంతుతో.

"సోమవారం పొద్దున నెల్లూర్లో దిగి కొనుక్కుంటే?"

"డ్యూటీ ఏడింటికి. అంత పొద్దున్నే ఎవురు తెరిచి పెట్టుకోనుంటారు? మీరా భాయ్ కాడికే పోదాం. ఆయనకేం తెలుసు?"

ఆయనకేం తెలుసు! ఆ మాటతో అబిగయీలుకు అన్నం సయించలేదు. తెలిసి ఉంటే నాలుగు మాటలంటాడు, పడితే సరిపోతుంది. తెలియని మనిషి నవ్వుతూ ఎదురొస్తే ఏం చెయ్యాలి?

ఆదివారం చర్చి నుంచి నేరుగా కొట్టుకు వెళ్ళారు. మీరా మొహిద్దీన్ నిజంగానే నవ్వుతూ ఎదురొచ్చాడు.

"నాకు తెలుసమ్మా నువ్వొస్తావని. నిన్న రాకపోతే కూలి ఇచ్చుండరులే అనుకున్నా." గల్లా కింది పెట్టె తీసి, భుజం మీది తువాలుతో తుడిచాడు. "మా షఫీకు ఒకటే పోరు, కొట్టు ఎత్తేద్దాం నాయనా అని. పోర్టులో వాడికి బాగనే వొస్తుండాదంట. నేనొప్పుకోలా. అబిగయీలమ్మ లాంటోళ్ళు నన్ను నమ్ముకోని వొస్తుండారు, ఎట్టా ఎత్తేస్తాన్రా అన్నా."

అబిగయీలు గోడకు ఆనుకుంది. తను ఆడిన అబద్ధాన్ని పట్టుకుని ఈ మనిషి ఒక నష్టపు కొట్టును మోస్తున్నాడు. నిజం చెబితే ఆయన మనసు విరుగుతుంది, చెప్పకపోతే ఆయన ఇల్లు గుల్లవుతుంది. సుప్రియ కాళ్ళకు బూట్లు చక్కగా కుదిరాయి. ఆరు వందల యాభై అక్కడ పెట్టేసి, వెనక్కి చూడకుండా వెళ్ళిపోదామని ఆమె కొంగు ముడి విప్పుతోంది.

అంతలో వాణి తెగిన చెప్పొకటి చేతిలో పట్టుకుని గడప ఎక్కింది.

"భాయ్, ఇది రొంత కుట్టి పెట్టు. తెప్పించి నెల కాలేదు, అప్పుడే తెగింది." అప్పుడు చూసింది సుప్రియ కాళ్ళ వంక. "ఏంది అబిగయీలక్కా, మళ్ళీ బూట్లా? నిన్న కడుపులో తిప్పుతుండాదని పోయి తెచ్చుకుంటివే, ఆ పార్సిలు ఏమైంది?"

సుప్రియ గబుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. తను కాని మాటేదో అనేశానని వాణికి అర్థమైంది. సర్దబోయి ఇంకొంచెం చెడగొట్టింది.

"నవ్వొచ్చిందిలే భాయ్ నాకు. అప్పుడు గేటు పక్క కుళాయి కాడికి వొచ్చుండా నేను. తెచ్చినోడు మూతికి గుడ్డ కట్టుకోనుండాడు గానీ, గొంతు అచ్చం మన షఫీకుదే అనుకో!"

మీరా మొహిద్దీన్ నేల మీద నుంచి మెల్లగా లేచాడు. గల్లా బల్ల పట్టుకున్నాడు.

"నిజమా అమ్మా?"

"నిజమే భాయ్" అంది అబిగయీలు. ఇంక దాచాలనిపించలేదు. "ఫోన్లో చౌకని తెప్పించుకున్నా. బోణీ కాడ నీకు అబద్ధం చెప్పినా. అవి కుదిరుంటే ఈ పొద్దు నీ కొట్టు మెట్టు ఎక్కేదాన్ని కాదు."

"అది సరేలే తల్లీ, అందురూ చేస్తుండేదే. తెచ్చిచ్చింది ఎవురు?"

ఈ ఒక్క మాటన్నా నిలుపుకోవాలి. "నాకు తెలవదు భాయ్. ఎవురో నెల్లూరు పిల్లోడు" అంది. కానీ ఆ మాట ఆయన మొహం చూస్తూ అనలేకపోయింది. చిన్నప్పటి నుంచి ఎరిగిన మనిషి తలదించుకుని చెప్పే జవాబును అర్థం చేసుకోవడానికి ఆయనకు ఎంతోసేపు పట్టలేదు.

మీరా మొహిద్దీన్ చొక్కా జేబులోంచి ఫోను తీసి, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని నొక్కాడు. అవతల మోగడం అందరికీ వినిపించింది.

"అరే షఫీకూ, తిన్నావా?... ఇంకా లేదా? రెండవతుండాది గదరా... ఆ, గోడౌన్లోనే ఉండావా... సరే, సరే. బేరాలు బాగనే ఉండాయిలే, నాకేం." ఆగి, గడప బయటికి చూశాడు. "ఎండ ఎక్కువుండాది. బండి నిదానంగా తోలు నాయనా. యాడన్నా నీడ చూసుకోని, ఆ సంచి దించి, రొంత సేపు కూర్చోని తిను."

ఫోను జేబులో పెట్టుకున్నాడు. వాణి చేతిలోంచి తెగిన చెప్పు అందుకుని, కుట్టడానికి సూది కోసం బల్ల మీద తడమసాగాడు. సూది ఆయన ఎదురుగానే ఉంది.

అబిగయీలు డబ్బు గల్లా మీద పెట్టింది. ఆయన అటు చూడలేదు. సుప్రియ కొత్త బూట్లతో మెట్లు దిగి, "అమ్మా, పోదాం రా" అని పిలిచింది. తల్లికి కాలు కదలలేదు.