ఎర్ర డ్రమ్ముల్లో గొంగడి

ముందే చెబుతున్నా, ఈ కథలో మంచివాడు నేను కాదు. మధ్యలో ఎక్కడైనా నా మీద జాలి కలిగితే చదవడం ఆపేసి కాసేపు వేరే పని చూసుకోండి.

నా పేరు సుబ్బరాయుడు. మాది ప్రొద్దుటూరు. ఇరవై ఏడేళ్ళ వయసుకి ఆ పేరేమిటని నవ్వేవాళ్ళు ఉండేవాళ్ళు. అందుకే విజిటింగు కార్డు మీద 'సుబ్బు' అని కొట్టించుకున్నాను. పంతొమ్మిది వందల తొంభై ఎనిమిదిలో మాదాపూర్‌లో ఒక ఇంటి కింది భాగం కిరాయికి తీసుకుని రికార్డింగ్ స్టూడియో పెట్టాను. స్టూడియో అంటే పెద్దగా ఊహించుకోకండి. కారు పెట్టుకునే గది గోడలకి గోనెపట్టాలు, పాత పరుపులు కొట్టి, మధ్యలో ఒక అద్దం బిగించాను. అద్దానికి ఇటు నేను, అటు పాడేవాళ్ళు. భక్తి క్యాసెట్లు, చీరల దుకాణాల ప్రకటనలు చేసేవాణ్ణి. డ్రమ్స్ కావాలంటే కీబోర్డులో ఒక మీట నొక్కడమే.

అప్పటికి కిలోమీటరు దూరంలో గుండ్రటి అద్దాల మేడ లేచింది. చుట్టూ రోడ్లన్నీ తవ్వి ఉండేవి. బండలు పేల్చిన ప్రతిసారీ నా రికార్డింగ్ ఆగిపోయేది. నేను పేల్చేవాళ్ళని తిట్టేవాణ్ణి. అయినా ఆ మేడ వైపు నుంచే నా అదృష్టం నడిచి వచ్చింది. కంప్యూటర్ పాఠాల వీడియోలు తీసే ఒక కంపెనీలో సుష్మగారని మేనేజరు. ఒకరోజు ఆవిడే స్టూడియోకి వచ్చారు.

"పన్నెండు వీడియోలండీ. అన్నిటికీ మ్యూజిక్ ఒకరే చేయాలి. కీబోర్డు డ్రమ్స్ మాత్రం వద్దు, అవి వింటే నాకు బస్టాండు గుర్తొస్తుంది. రియల్ డ్రమ్స్ ఉన్నాయా మీ దగ్గర?"

"ఉన్నాయండీ. సర్వీసింగ్‌కి ఇచ్చాం. శుక్రవారానికి వచ్చేస్తాయి," అన్నాను. ఇది మొదటి అబద్ధం. చిన్నది, దీన్ని వదిలేయండి.

కొత్త సెట్టు కొనే తాహతు నాకు లేదు. సికింద్రాబాద్‌లో పాత వాయిద్యాలు అమ్మే ఒకాయన దగ్గర రెండు సెట్లు ఉన్నాయని, రెండూ నాకు అందే ధరలోనే ఉన్నాయని తెలిసింది. ట్రాలీ ఆటో మాట్లాడుకున్నాను. మోయడానికి ఒక మనిషి కావాలి కదా, పక్కన కడుతున్న అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మొగిలిని రమ్మన్నాను.

మొగిలిది జనగామ వైపు. యాభై దాటి ఉంటాయి. భార్య కొమురమ్మ అదే అపార్ట్‌మెంట్‌లో ఇటుకలు మోసేది. ఇద్దరూ తలుపులు పెట్టని ఒక గదిలో ఉండేవాళ్ళు. వాచ్‌మన్ కాకముందు ముప్పై ఏళ్ళు పెళ్ళి బ్యాండులో డ్రమ్ము వాయించాడట. ఆ సంగతి నాకు ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. నా గదిలో పాట తాళం తప్పినప్పుడల్లా గోడ అవతల ఖాళీ పెయింట్ డబ్బా మీద సరైన దెబ్బ ఒకటి పడేది. అది వింటే నాకు ఒళ్ళు మండేది. నాకన్నా పాతికేళ్ళు పెద్దవాణ్ణి 'నువ్వు' అనేవాణ్ణి. ఇప్పుడు 'ఆయన' అని రాస్తున్నాను గానీ, అప్పుడు అనలేదు.

దుకాణంలో రెండు సెట్లూ పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. ఒకటి ఎర్రది. ఏడు డ్రమ్ములు, మూడు ఇత్తడి సింబల్స్, ఒంటినిండా తళుకు కాగితం, మెరిసే స్టాండ్లు. ఏదో ఆర్కెస్ట్రావాళ్ళు అమ్ముకున్నదట. రెండోది గోధుమరంగుది. నాలుగే డ్రమ్ములు. పాలిష్ లేచిపోయింది. ఒకదాని మీద ఎవరో టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మచ్చ కూడా ఉంది. మూతపడిన ఒక క్లబ్బులోదట.

నా కళ్ళు ఎర్రదాన్ని వదల్లేదు. మొగిలి మాత్రం గోధుమరంగుదాని ముందు గొంతుక్కూర్చున్నాడు. దుకాణదారుని అడిగి నట్లు తిప్పే చిన్న తాళంచెవి తీసుకుని, ఒక డ్రమ్ముకి తోలు విప్పాడు. వేలి కణుపుతో లోపలి చెక్కని తట్టాడు. తర్వాత మూతి లోపల పెట్టి "ఊఁ..." అని సన్నగా రాగం తీశాడు, కిందికీ పైకీ. ఒక చోట ఆ చెక్క తనంతట తాను పలికింది. నేను విన్నాను. వినలేదని చెప్పుకోవడానికి కూడా నాకు దారి లేదు.

ఎర్రదానికీ అలాగే చేశాడు. అంచు చుట్టూ అరచేయి తిప్పి, తల అడ్డంగా ఊపాడు.

"సార్, గీ ఎర్రది వద్దు. అంచు సమంగ లేదు. తోలు ఎంత బిగిచ్చినా ఒక దిక్కు గరగరంటది. గిది నాలుగే ఉన్నయి గాని చెక్క మంచిది. ఇది పలుకుతది, అది లొల్లి చేస్తది. ముప్పై ఏండ్లు నేను చెవి మీదనే బతికిన సార్, నా మాట ఇనుండ్రి."

దుకాణదారు నా వైపు చూసి మీసంలో నవ్వుకున్నాడు. స్టూడియో ఓనరుకి వాచ్‌మన్ పాఠం చెబుతున్నాడన్న నవ్వు. నాకు తిక్క రేగింది.

"ఏం, నిన్ను పిల్చుకొచ్చింది మోసేదానికా, చెప్పేదానికా? పెండ్లి బ్యాండుకీ స్టూడియోకీ తేడా తెల్దా నీకు? నోరు మూసుకొని ఆ ఎర్రదాన్ని ఎత్తు," అన్నాను.

మొగిలి విప్పిన తోలు మళ్ళీ బిగించి, తాళంచెవి దుకాణదారుకి అప్పగించి, ఎర్రదాన్ని ఎత్తాడు. నిజం చెప్పాలంటే నాకు కావలసింది శబ్దం కాదు. సుష్మగారు అద్దం వెనకనుంచి చూసినప్పుడు అది మెరవాలి. అంతే.

శుక్రవారం పొద్దున సుష్మగారు వచ్చారు. వాయించడానికి అనిల్ అని ఒక కాలేజీ బ్యాండు డ్రమ్మర్ని కుదిర్చాను. ఎర్ర సెట్టు చూడగానే ఆవిడ "వావ్" అన్నారు. ఆ సెట్టు వల్ల నాకు కలిగిన సంతోషం మొత్తం ఆ ఒక్క మాటే.

అనిల్ కాలితో తొక్కాడు. పెద్ద డ్రమ్ము 'ధుమ్మ్...' అని మొదలై, నాలుగు గోడలకీ తగిలి తిరిగొచ్చి, ఇంకా మోగుతూనే ఉంది. చిన్న డ్రమ్ము కొడితే మిగతా ఆరూ కలిసి గరగరమన్నాయి. మైకులు దూరం జరిపాను, దగ్గరికి జరిపాను, పరుపు అడ్డం పెట్టాను. గంటన్నర గడిచింది. సుష్మగారు నొసలు ముడివేసుకుని విన్నంతసేపు విని, చివరికి హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టారు.

"ఏమనుకోకండి సుబ్బుగారూ, ఇది రికార్డింగ్‌కి పనికొచ్చే సెట్టులా లేదు. కొనేటప్పుడు అసలు దీన్ని ఎవరు సెలెక్ట్ చేశారు?"

సరిగ్గా అప్పుడే మొగిలి టీ ఫ్లాస్కు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. తెమ్మన్నది నేనే. నా వేలు దానంతటదే ఆయన వైపు లేచింది.

"అదిగోండీ, అతనే. ముప్పై ఏళ్ళు బ్యాండులో వాయించాడట. నాకు డ్రమ్స్ సంగతి అంతగా తెలీదు కదండీ, అతని చెవిని నమ్మి తీసుకున్నాను."

సుష్మగారు మొగిలిని ఎగాదిగా చూశారు. ఆ చూపులో కోపం కూడా లేదు. "పెళ్ళి బ్యాండు చెవిని నమ్మి స్టూడియో నడుపుతారా అండీ!" అని నవ్వారు. అనిల్ కూడా నవ్వాడు.

మొగిలి నా వైపు చూశాడు. నేను మీటలు సరిచేస్తున్నట్టు తల వంచేశాను. ఆయన కాదంటే నా పని ఆ రోజుతో సరి. ఆ సంగతి ఆయనకీ అర్థమైంది.

"అవును మేడం, నేనే చెప్పిన," అన్నాడు. "జర ఒక అర్ధగంట ఇయ్యిండ్రి. సరి చేస్త."

ఫ్లాస్కు కింద పెట్టి లోపలికి వెళ్ళాడు. ఏడు డ్రమ్ముల్లో మూడింటిని విప్పి బయట పెట్టాడు. ఒక్కో నట్టునీ ఎదురెదురుగా పావు చుట్టు తిప్పుతూ, చెవి ఆనించి విని, మళ్ళీ తిప్పాడు. భుజం మీది తువ్వాలను మడతపెట్టి చిన్న డ్రమ్ము అంచున పరిచాడు. పెద్ద డ్రమ్ము మోత మాత్రం ఆగలేదు. బయటికి వెళ్ళి తను కప్పుకునే నల్ల గొంగడి తెచ్చాడు. పెద్ద డ్రమ్ము ముందు తోలు విప్పి, గొంగడిని చుట్టచుట్టి లోపల సర్ది, మళ్ళీ బిగించాడు.

"ఇగ కొట్టు బిడ్డా," అన్నాడు అనిల్‌తో.

'దుప్.' అంతే. మోత లేదు, గరగర లేదు. సుష్మగారు హెడ్‌ఫోన్స్ మళ్ళీ పెట్టుకున్నారు. "ఇదండీ నాకు కావలసింది! ఎలా చేశారు?" అన్నారు, నన్నే చూస్తూ.

"మా స్టూడియో పద్ధతండీ ఇది," అన్నాను.

చెడినప్పుడు మొగిలిది, కుదిరినప్పుడు నాది. రెండు మాటలకీ మధ్య గంట కూడా లేదు. ఇది రాస్తుంటే ఇప్పుడు సిగ్గుతో చెవులు వేడెక్కుతున్నాయి. ఆ రోజు ఎందుకు వేడెక్కలేదో నాకు తెలియదు.

పన్నెండు వీడియోల పనీ నాకే వచ్చింది. గొంగడి తీస్తే శబ్దం మారిపోతుందని భయం. "పని అయ్యేదాకా ఉండనీ," అని మొగిలితో అన్నాను. అది డిసెంబరు. మాదాపూర్ అప్పట్లో బండలూ ముళ్ళచెట్లే, చలి తిన్నగా ఎముకల్లోకి వచ్చేది. వారం తర్వాత ఒక పొద్దున కొమురమ్మ వచ్చి తలుపు బయటే నిలబడింది.

"సారూ, గొంగడితోని పని అయిపోయిందా? ఆయినకు దగ్గు లేస్తున్నది."

"వచ్చే వారం ఇస్తాలేమ్మా."

"గా గొంగడి అంగట్ల కొన్నది గాదు సారూ. కురుమోళ్ళ పెండ్లిల మూడు దినాలు వాయిస్తే, ఊరంత చూస్తుండంగ పెద్దమనిషి లేచి ఆయిన భుజాల మీద కప్పిండు. గందుకే అడుగుతున్న."

సభల్లో గొప్పవాళ్ళకి శాలువా కప్పుతారే, ఇదీ అదే అన్నమాట. నేను దాన్ని డ్రమ్ములో కూరుకుని పెట్టుకున్నాను. ఆ సాయంత్రమే ఒక గళ్ళ దుప్పటి కొన్నాను. ముందు దాన్ని డ్రమ్ములో పెట్టి చూశాను. శబ్దం కుదరలేదు. అందుకని గొంగడి ఉంచుకుని దుప్పటి మొగిలికి ఇచ్చాను. "మెత్తగున్నది సార్," అని తీసుకున్నాడు. ఆ తర్వాత గోడ అవతలనుంచి పెయింట్ డబ్బా మీద దెబ్బ ఎప్పుడూ వినపడలేదు. నేను తాళం తప్పుతూనే ఉన్నాను.

ఏప్రిల్‌లో ఆ అపార్ట్‌మెంట్ పూర్తయింది. మొగిలి, కొమురమ్మ బాచుపల్లి వైపు కడుతున్న ఇంకో అపార్ట్‌మెంట్‌కి వెళ్ళిపోయారు. మే నెలలో వీడియోల పని ముగిసింది. ఆ మర్నాడే గొంగడి బయటికి తీసి, దులిపి, ఎండలో వేసి, స్కూటర్ మీద బాచుపల్లి వెళ్ళాను. రెండు చోట్ల లేడన్నారు. మూడో చోట కొత్త గోడలకి గొట్టంతో నీళ్ళు కొడుతూ కనిపించాడు.

"మొగిలన్నా," అన్నాను. అలా పిలవడం అదే మొదటిసారి.

ఆయన గొట్టం కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గొంగడి అందుకున్నాడు. మడత విప్పి చూసి మళ్ళీ మడిచాడు. దారి పొడుగునా నేను క్షమాపణ మాటలు కూర్చుకుంటూ వచ్చాను. అవి నోట్లో ఉండగానే ఆయన అడిగాడు.

"సార్, ఆ మేడంకు చెప్పిన్రా?"

"ఏ సంగతి?"

"ఎర్రది కొనుమన్నది నేను గాదని. ఆ దినం నేను గాదంటే మీ పని చెడిపోతుండె. గందుకే ఒప్పుకున్న. ఎన్కసీరి మీరే చెప్తరనుకున్న." గొంగడిని చంకలో పెట్టుకున్నాడు. "గొంగడిదేమున్నది సార్. నాకు చెవే లేదన్నట్టు నవ్విన్రు ఆ దినం. గదొక్కటి లోపట ఉండిపోయింది."

ఆరు నెలలు. సుష్మగారు నా ఎదురుగా కూర్చుని ఎన్నిసార్లు టీ తాగారో. చెప్పాల్సింది ఒక్క వాక్యం. అది చెబితే 'మా స్టూడియో పద్ధతి' కూడా బయటపడుతుందని చెప్పలేదు.

"చెప్పినా మొగిలన్నా. ఎప్పుడో చెప్పినా," అన్నాను.

ఆయన ముఖం విప్పారింది. "ఏమన్నది సార్ మేడం?"

ఆ ప్రశ్న వస్తుందని నేను అనుకోలేదు. "నీ చెవి గొప్పదనింది," అన్నాను.

మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో మొగిలి ఆ గొంగడి విప్పి భుజాల మీద కప్పుకున్నాడు. పైఅంతస్తులో ఉన్న కొమురమ్మను కేకేసి కిందికి పిలిచాడు. మేడం అన్న మాట ఆమెకి కూడా ఒకసారి చెప్పమన్నాడు. చెప్పాను.

అక్కడినుంచి తిన్నగా సుష్మగారి ఆఫీసుకి వెళ్ళాను. ముందు వారమే ఉద్యోగం మారి బెంగళూరు వెళ్ళిపోయారన్నారు. అడ్రసు ఎవరికీ తెలియదు. నిజానికి నేనూ గట్టిగా అడగలేదు.

సుష్మగారూ, మీరు ఎక్కడున్నారో గానీ, ఆ ఎర్ర డ్రమ్స్ ఎంచింది నేను. మొగిలి వద్దన్నాడు.