ఉపసంహరణకు చివరి రోజు

ఆ ఉదయం నతానియేల్ నా చీర ఇస్త్రీ చేశాడు.

వంటింటి గుమ్మంలోంచి చూశాను. కుచ్చిళ్ళ దగ్గర ముడత పోకపోతే నీళ్ళు చిలకరించి మళ్ళీ రుద్దుతున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో అతను తన చొక్కా కోసం కూడా ఇస్త్రీపెట్టె ముట్టుకోలేదు. "చొక్కా ఏదీ?" అని అడగడం ఒక్కటే అతని వంతు. నాకు సంతోషం కలగాలి కదా. కలగలేదు. ఏం పోగొట్టుకోబోతున్నాను? నేను ఇంత అన్యాయంగా ఆలోచించే మనిషినా? ఒక మగవాడు భార్య చీర ఇస్త్రీ చేస్తే ఆమె ముందు నష్టం లెక్క వేసుకోవడం మొదలుపెట్టిందంటే తప్పు ఎవరిది? అనుమానం జబ్బు అంటారు. కానీ నాకు అది జబ్బులా రాలేదు. వాన ముందు మోకాళ్ళ నొప్పి వచ్చినట్టు వచ్చింది. అది ఎప్పుడూ తప్పు చెప్పలేదు.

"నువ్వు రోజూ అలిసిపోతున్నావు స్టెల్లా," అన్నాడు చీర నా చేతికిస్తూ. నా అలసట అతని నోట అంతకుముందు రాలేదు. "అక్కడ చేసేది టైపేగా, కూర్చునే ఉద్యోగమేగా" అనేదే అతని మాట.

కూర్చునే ఉద్యోగమే. కొండాపూర్‌లో మా ఇంటి నుంచి మాదాపూర్‌కి కంపెనీ బస్సు. గాజు భవనాలు ఒక్కొక్కటే లేస్తున్న రోజులవి, వాటి మధ్య ఇంకా బండరాళ్ళూ, సీతాఫలం పొదలూ ఉండేవి. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, టేపులో వినిపించిన ఇంగ్లీషు మాటల్ని కంప్యూటర్‌లో కొట్టాలి. కాలికింద పెడల్ నొక్కితే టేపు తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. అంతకుముందు డాక్టర్ల టేపులు వచ్చేవి. ఆ వేసవిలో మాత్రం ఇంగ్లండులో ఎల్డర్‌బ్రిడ్జ్ అనే చిన్న ఊరి టేపులు వచ్చాయి. అక్కడ మునిసిపల్ కౌన్సిల్ ఎన్నికలు. ఒక సర్వే కంపెనీవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి, తలుపు తట్టి, మీ ఊరికి ఏం కావాలి, ఎవరికి వేస్తారు అని అడిగి రికార్డు చేసుకున్నారు. చెత్త రెండు వారాలకోసారి తీస్తున్నారని ఒకాయన, లైబ్రరీ మూసేస్తారట అని ఒకాయన. తెల్లవాళ్ళూ చెత్త గురించే కొట్టుకుంటారని తెలిసి నాకు నవ్వొచ్చింది.

మాకు ఒక నియమం ఉంది. ప్రశ్న అడిగినవాడి గొంతు, జవాబు చెప్పినవాడి గొంతు. అవి రెండే కొట్టాలి. కుక్క అరుపు, టీవీ చప్పుడు, వెనక నుంచి వచ్చే మాటలు వదిలేయాలి. నేను వదిలేస్తూనే ఉన్నాను. చీర ఇస్త్రీ అయిన ఆ రోజు మాత్రం ఒకచోట నా కాలు పెడల్ మీద ఆగిపోయింది. తలుపు తీసిన మగమనిషి "మాకేం ఇబ్బందుల్లేవు" అంటున్నాడు. అతని వెనక, ఇంట్లోపలి నుంచి ఒక ఆడగొంతు "బస్సు సంగతి చెప్పు. బస్సు తీసేశాక నేను అమ్మ దగ్గరికి వెళ్ళనేలేదని చెప్పు" అంది. "మీ ఇంట్లో అందరి అభిప్రాయమూ ఇదేనా?" అని అడిగితే "ఇదే" అన్నాడతను. తలుపు మూసుకుంది.

టేపు వెనక్కి తిప్పి మళ్ళీ విన్నాను. ఇన్నాళ్ళుగా నా చేత్తో ఇలాంటివి ఎన్ని వదిలేశాను? ఆమె మాట కూడా కొట్టాను. పక్కన 'వెనక నుంచి ఒక స్త్రీ' అని రాశాను.

సాయంత్రం మా టీమ్ లీడర్ మహేందర్ నా కుర్చీ దగ్గరికి వచ్చాడు. నల్లగొండ వైపు మనిషి, మెత్తగా మాట్లాడతాడు.

"మేడం, గిదేంది? వెనకాల మాటలు గూడ కొట్టిన్రు?"

"మాట్లాడింది కదండీ."

"మాట్లాడితే మాట్లాడింది. ఆమెను ఎవరడిగిన్రు? తలుపు తీసినోడే మెయిన్ వాయిస్. క్లయింటు లొల్లి పెడతడు, జర తీసేయిన్రి."

తీసేశాను. ఒక్క మీట నొక్కితే పోయింది. తీసేసి మిగతా టేపులు పూర్తి చేసి బస్సెక్కాను.

ఇంటికొచ్చేసరికి నతానియేల్ నా కోసం ఎదురుచూస్తున్నాడు. మా అత్తగారు ఎలిజబెత్ చాపమీద కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. మా వార్డు కౌన్సిలరుగా ఉన్నావిడ అంతకుముందు చలికాలంలో పోయింది. ఉప ఎన్నిక వచ్చింది. ఆ సీటు ఆడవాళ్ళకు కేటాయించింది.

"నువ్వు నిలబడాలి," అన్నాడు నతానియేల్. "ఇండిపెండెంటుగా. వార్డులో మన క్రైస్తవ కుటుంబాలు బోలెడు. వాళ్ళంతా కలిస్తే ఎవడైనా మన గుమ్మం ముందుకు రావాల్సిందే."

"నేనా?"

"సంతకం పెడితే చాలు. మిగతాదంతా నేను చూసుకుంటాగా."

అత్తగారు చేట పక్కన పెట్టింది. "పప్పులో ఉప్పు ఎంతెయ్యాలో ఇప్పటికీ నన్నడుగుద్ది. ఇది ఊరి కుళాయిలు చూసుద్దంటరా?"

"అమ్మా, నువ్వూరుకో."

"ఊరుకుంటాలే. చీరాలలో నన్నూ స్త్రీల కూటానికి ప్రెసిడెంటుగా ఉండమన్నారు. మీ నాన్న వెళ్ళి, మా ఆవిడకి అలాంటివి రావండీ అని చెప్పొచ్చాడు. నాకు రావని నాకు అప్పుడే తెలిసింది." ఆమె మళ్ళీ చేట అందుకుంది.

నేను సంతకం పెట్టాను. ఎందుకు పెట్టానో ఇప్పటికీ తవ్వుకుంటూ ఉంటాను. ఇస్త్రీ చీర వెనకున్నది ఇదేనని తెలిశాక నా అనుమానం తీరాలి. తీరలేదు. నతానియేల్ కొత్త భవనాలకు కాపలావాళ్ళను పంపే ఏజెన్సీలో సూపర్‌వైజరు. తనే ఒక ఏజెన్సీ పెట్టాలని అతని కోరిక. పెళ్ళాం కౌన్సిలరైతే పెత్తనం తనది అవుతుందనుకున్నాడేమో. అలాంటివాళ్ళను చాలామందిని చూశాం. కానీ అంతవరకే అయితే నన్ను కసిరి సంతకం పెట్టించుకునేవాడు, చీర ఇస్త్రీ చేసి మంచి చేసుకునేవాడు కాదు. ఇవన్నీ తెలిసి కూడా పెట్టాను. నాకు కావాలనిపించింది. అదే సిగ్గు. అతను ఎందుకు అడుగుతున్నాడా అని అనుమానిస్తూనే లోపల ఎక్కడో నేను నాలుగు వీధులు తిరుగుతున్నాను, నా పేరు నేనే చెప్పుకుంటున్నాను. పెళ్ళిలో కూడా నన్ను ఏం కావాలని ఎవరూ అడగలేదు. పాస్టరుగారు ఒప్పుకుంటున్నావా అన్నారు, అంతే.

నామినేషన్ వేశాక అతను తీరుబడిగా తిరగడం మొదలుపెట్టాడు. కరపత్రాలు ఎప్పుడని అడిగితే "టైముందిలే" అన్నాడు. ఏ గుర్తు అడగాలో కూడా అతను ఆలోచించలేదు. గెలవాలనుకున్నవాడు ఇంత నింపాదిగా ఉంటాడా? గురువారం ఒక ఇంట్లో ప్రార్థన కూటం పెడితే అక్కడికి మాత్రం నన్ను తప్పక తీసుకెళ్ళాడు. ప్రార్థన అయ్యాక ఎవరో "సిస్టరుగారూ, గెలిస్తే ఏం చేస్తారు?" అన్నారు. నేను నోరు తెరిచేలోపు "ఈమె దేవుడి చిత్తానికి వదిలేసిందండీ" అన్నాడు. అతను బయట ఎవరితోనో మాట్లాడుతుండగా వెనక వరసలోని ఆడవాళ్ళు నా చుట్టూ చేరారు. నీళ్ళ ట్యాంకరు ఎప్పుడొస్తుందో తెలియక కూలి పనికి పోలేకపోతున్నామని ఒకామె చెప్పింది. "వచ్చే వేళ ముందే చెప్పించాలి. ట్యాంకరు అడగడం కంటే ముందు అది అడగాలి," అన్నాను. ఆమె నా మొహంలోకి చూసి తలాడించింది. దారిలో నతానియేల్ అడిగాడు. "ఏం మాట్లాడావు వాళ్ళతో?" గొంతులో కోపం లేదు, కంగారుంది. అది నేను గుర్తుపెట్టుకున్నాను.

సోమవారం ఉదయం, నేను బస్సుకి బయల్దేరుతుంటే, "ఇవాళ సెలవు పెట్టు. మునిసిపల్ ఆఫీసులో చిన్న సంతకం ఉంది," అన్నాడు. దారంతా ఏం సంతకమో చెప్పలేదు. నేనూ అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, అప్పుడు నేను నమ్మాలి.

ఆఫీసు వరండాలో జనం. అతను నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, దూరంగా కారు దగ్గర నిలబడ్డ లింగమూర్తి దగ్గరికి వెళ్ళాడు. లింగమూర్తి మా వైపు భవనాలు కట్టే బిల్డరు. అతని భార్య చంద్రమ్మ నా మీద పోటీలో ఉంది. నా పక్కనే బెంచీ మీద కూర్చుని, కొత్త పట్టుచీర గుచ్చుకుంటుంటే అటూ ఇటూ కదులుతున్నది ఆమేనని మాటల్లో తెలిసింది.

"నువ్వేనా స్టెల్లమ్మ?" అంది. "ఇగ నీ తిప్పలు తప్పినయ్ చెల్లె. నాకే మిగిలినయ్."

"ఎందుకక్కా?"

"ఇయ్యాలనే ఆఖరు గద, పేరు ఎనక్కి తీస్కునేదానికి. నువ్వు తీస్కుంటున్నవ్ గద?"

నా చూపు కారు దగ్గరున్న నతానియేల్ వైపు పోవడం చూసి ఆమె పూర్తిగా నా వైపు తిరిగింది.

"నీకు చెప్పలేదా ఏంది? నీ పేరు వెయ్యక ముంగటనే మీ ఆయన మా ఇంటికొచ్చిండు. నువ్వు ఎనక్కి తీస్కోవాలె, మీ చర్చోళ్ళ ఓట్లు మాకు మళ్ళాలె, మా బిల్డింగులకు కాపలావోళ్ళు మీ ఆయన మనుషులే ఉండాలె. గట్ల అనుకున్నరు." చంద్రమ్మ గొంతు తగ్గించింది. "నాకు గూడ ఎవ్వరు చెప్పలే. చాయ్ ఇయ్యబోతే ఇన్న."

అప్పుడు నాకు ఏడుపు రాలేదు, విచిత్రంగా తేలికైంది. ఇన్ని రోజులు నా బుర్రలో తిరిగింది జబ్బు కాదు. నన్ను నిలబెట్టింది గెలిపించడానికి కాదు, కూర్చోబెట్టడానికి. నిలబడితేనే కదా కూర్చోబెట్టడానికి ధర వస్తుంది. అతని లెక్కలో ఒక్కటే తప్పు. మొదటి సంతకం నా చేత పెట్టించగలిగాడు కాబట్టి రెండోది కూడా తన జేబులోనే ఉందనుకున్నాడు.

లోపల ఎన్నికల అధికారి కాగితం నా ముందు పెట్టి అడిగాడు. "మీ ఇష్టంతోనే తీసుకుంటున్నారా అమ్మా?"

"అవునండీ," అన్నాడు నతానియేల్. "ఈమెకి ఒంట్లో బాగుండటం లేదండీ. డాక్టరు తిరగొద్దన్నారు."

"ఆమెను చెప్పనియ్యండి."

పెన్ను నా చేతిలో ఉంది. నతానియేల్ చెయ్యి నా భుజం మీద ఉంది, మెత్తగా.

"నాకు ఒంట్లో బాగానే ఉందండీ," అన్నాను. పెన్ను బల్ల మీద పెట్టాను. "పేరు ఉంచండి."

బయట అతను నా మోచెయ్యి పట్టుకున్నాడు. "పిచ్చెక్కిందా? లింగమూర్తికి మాటిచ్చాను నేను!"

"మీరిచ్చిన మాట మీరు వెనక్కి తీసుకోండి. గడువు ఇంకా ఉంది."

ఇద్దరం ఇంటికొచ్చాం. గుమ్మంలో అడుగుపెట్టగానే అతను తల్లిని పిలిచాడు. జరిగిందంతా తనకు కావలసినట్టు చెప్పాడు. సంపాదన పోయిందన్నాడు, పరువు పోయిందన్నాడు. అత్తగారు కూరగాయల కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతూ వింటోంది. ఆమె తిట్టడానికి నేను సిద్ధంగా నిలబడ్డాను. ఏళ్ళుగా అలవాటే.

"దీనికి ఎవడేస్తాడమ్మా ఓటు?" అన్నాడు. "ఊరి సంగతి వదిలెయ్, మన ఇంట్లోనే పడదు. నువ్వు చెప్పు దీనికి, ఎవరికేస్తావో."

అత్తగారు చేతిలోని దొండకాయ చివర కోసి పక్కన పడేసింది.

"ఎవరికేస్తే నీకెందుకురా?"

"అంటే?"

"ఓటేసే కాడ పరదా ఎందుకు కడతారు? నీకు చెప్పను." తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ప్రేమేమీ లేదు. "దీనికీ చెప్పను."