తడిగుడ్డ కింది మామత్

రోజూ పొద్దున్న చెల్లెలు తను పాఠాలు చెప్పే స్కూలుకి వెళ్లేముందు అరగంట అక్కకి ఇంగ్లిష్ చెప్పేది. ఆ అరగంటలో చెల్లెలికి తలప్రాణం తోకకొచ్చేది.

"బొమ్మ లోపల కట్టే తీగల చట్రాన్ని ఏమంటారు?"

"ఆర్మేచర్," అంది అక్క, బంకమన్ను పిసుకుతూ.

"రాయిగా మారిన ఎముకని?"

"ఫాసిల్."

"ఇప్పుడు చేతులు కడుక్కుని చెప్పు."

అక్క కడుక్కుని వచ్చి నీళ్లు నమిలింది.

"ఇరవై రోజులుగా ఇదే గోల. మాటలు బుర్రలో పెట్టుకుంటారు గానీ చేతుల్లో పెట్టుకుంటారటే అక్కా?"

అక్క పద్దెనిమిదేళ్లుగా మ్యూజియంలో ఆదికాలపు జంతువుల బొమ్మలు చేస్తోంది. ఇప్పుడు కొత్త రూలొచ్చింది. పరీక్ష పెట్టి పన్నెండు ఇంగ్లిష్ మాటలు అడుగుతారు. ఒక్కటి తప్పినా ఆమెకి ఆ పని ఉండదు. ఆ పని తప్ప ఆమెకి ఇంకోటి రాదు, ఇష్టమూ లేదు.

మిగిలిన మన్నుతో ఆమె చేసుకున్న పిల్లి అంత మామత్, అదే ఆదికాలపు బొచ్చు ఏనుగు, ఒకటి ఇంట్లో తిరుగుతుండేది. ఎండిపోకుండా దానిమీద తడిగుడ్డ కప్పేవాళ్లు. తుడిచిన నేల మీద మట్టి అడుగులేస్తుందని చెల్లెలికి దానిమీద మహా కోపం.

పరీక్షరోజు చెల్లెలు అక్క చేతుల్ని గోళ్ల సందులతో సహా సబ్బుతో తోమేసింది. మామత్ తడిగుడ్డ కప్పుకునే వెంటపడి బస్సెక్కింది. "తడిగా ఉంది, సీటు మీద పెట్టకండి," అన్నాడు కండక్టర్.

మొదటి ప్రశ్నకే అక్క నోరు పెగల్లేదు. వెనక బెంచీ మీద చెల్లెలు తల పట్టుకుంది, సబ్బు గుర్తొచ్చి. మామత్ బల్లకిందికి వెళ్లి అక్క అరచేతిలో తొండం పెట్టింది. అది ఊడి చేతిలోకొచ్చింది.

"ఆర్మేచర్," అంది అక్క. మాట బయటికి రాగానే చేతిలో మన్ను ఎండి పొడిగా రాలిపోయింది.

రెండో మాటకి దంతాలు, మూడోదానికి చెవులు. పదకొండు మాటలయ్యేసరికి తీగల మీద తల ఒక్కటే మిగిలింది.

"జంతువుల జాతి పూర్తిగా అంతరించిపోతే?"

అక్క చెయ్యి వెనక్కి తీసుకుంది. మామత్ తీగకాళ్ల మీద నడిచొచ్చి ఆ చేతిలో తల ఆనించింది.

"ఎక్స్‌టింక్ట్," అని అక్క భోరుమంది.

"పాస్," అని రాసుకున్నాడు పరీక్షాధికారి. "ఆ కింద కాస్త తుడిచి వెళ్లండి."

అక్క పొడినంతా తీగలతో సహా తడిగుడ్డలో మూటగట్టింది. ఇంటికొచ్చాక చెల్లెలు దాన్ని విప్పి, నీళ్లు పోసి, జీవితంలో మొదటిసారి మన్నులో చేతులు పెట్టింది.

"ముందేం చెయ్యాలో చెప్పు."

"తీగ సరిచెయ్యి. అలా కాదే. మెడ దగ్గర నొక్కకు. ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

చెల్లెలు మెడ వదిలేసి తీగ సరిచేసింది. సాయంత్రానికి ఎలుకంత మామత్ ఒకటి, ఒక చెవి పెద్దది ఒక చెవి చిన్నది, బల్ల దిగి ఇల్లంతా తిరిగింది.

ఆ పూట చెల్లెలు నేల తుడవలేదు.