ముప్పైసార్లు వెయ్యినూటపదహార్లు

ఉదయ్‌కిరణ్ పుట్టి బుద్ధెరిగాక విమానం ఎక్కలేదు. పార్వతీపురం నుంచి ఢిల్లీ వచ్చిన ఆరేళ్ళలో ఇంటికి ఎప్పుడు వెళ్ళినా స్లీపర్ బెర్తే గతి. అందుకే, నోయిడా ఆఫీసులో పక్క సీటు సదాశివరావు గారు భార్యతో అండమాన్ వెళ్ళొచ్చి, "టికెట్లకి పైసా పెట్టలేదయ్యా, అంతా పాయింట్లే" అన్నప్పుడు, అతను చేతిలో ముద్ద చేతిలోనే పెట్టుకుని ఉండిపోయాడు.

"పైసా కూడానా సార్?"

"పైసా కూడా. ఎలాగూ కొనే వస్తువే కదా. నేరుగా షాపుకి పోకుండా, ఇదిగో, ఈ రివార్డు పాయింట్ల పోర్టల్ తలుపులోంచి దూరి వెళ్ళు. దూరినందుకు వాళ్ళు పాయింట్లేస్తారు. గిఫ్ట్ కార్డులు కొన్నావనుకో, పదింతలు!"

"మరి వాళ్ళకేం మిగులుతుంది సార్?"

"అది వాళ్ళ తలనొప్పి. నువ్వు తిను, చల్లారిపోతోంది."

ఆ పూట ఉదయ్‌కిరణ్‌కి పప్పన్నం రుచి తెలియలేదు. వాళ్ళింట్లో డిగ్రీ చదివిన మొదటివాడు తనే. లెక్కలంటే తనకొక్కడికే వచ్చనుకునేవాడు. సరుకు సరుకులాగే ఇంటికి వచ్చి, దాని వెనకాల ఒక విమానం కూడా వస్తుందనే లెక్క ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆరోజే ఆ పోర్టల్లో పేరు రాయించుకున్నాడు. సబ్బులూ, ఛార్జర్లూ, తమ్ముడికి బూట్లూ దాంట్లోంచే కొన్నాడు. ఎనిమిది నెలలు గడిచేసరికి విశాఖపట్నం టికెట్టుకి మూడువేల పాయింట్ల దూరంలో నిలిచాడు.

సరిగ్గా అప్పుడే హనుమయ్య కూతురి సంగతి వచ్చింది.

లక్ష్మీ నగర్‌లో సీఏ చదవడానికి వచ్చిన తెలుగు పిల్లల్లో హనుమయ్య మెస్సులో తినని వాళ్ళు తక్కువ. మెట్రో దిగి రెండు సందులు తిరిగితే, కోచింగ్ బోర్డుల గుంపు కింద, ఒక బేస్‌మెంటులో ఆరు బల్లలు. ఇరవై రెండేళ్ళుగా అక్కడ ఆయనే వండుతాడు, ఆయనే వడ్డిస్తాడు. పిల్లలందరికీ ఆయన బాబాయ్. సీఏ సగంలో వదిలేసి ఉద్యోగంలో చేరిన ఉదయ్‌కిరణ్‌కి ఇప్పటికీ ఆదివారం భోజనం అక్కడే. ఆ బాబాయ్ కూతురు సరోజకి ఢిల్లీలోనే ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ సైన్సు సీటొచ్చింది. సోమవారం మొదటి ల్యాబ్ పరీక్ష, సొంత లాప్‌టాప్ మీదే రాయాలి, ఆ మార్కుల్ని బట్టే స్కాలర్‌షిప్.

మెస్సులో తిని వెళ్ళినవాళ్ళ వాట్సాప్ గ్రూపు ఒకటుంది, 'పప్పు బ్యాచ్' అని. అందులో రఘురామ్ రాశాడు: "సరోజ లాప్‌టాప్‌కి తలా వెయ్యినూటపదహార్లు. అంతకన్నా ఎక్కువిస్తే బాబాయ్ తీసుకోడు." రెండు రోజుల్లో ముప్పైమంది పంపారు. పోగుచేసే బాధ్యత ఉదయ్‌కిరణ్‌ది. లెక్క తప్పడని అందరికీ నమ్మకం. లాప్‌టాప్ ధర ముప్పైమూడు వేల నాలుగువందల తొంభై. పోగైంది ముప్పైమూడు వేల నాలుగువందల ఎనభై.

శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసులో ఆ అంకె చూస్తూ కూర్చున్నాడు. ఆ లాప్‌టాప్ అమ్మే షాపు గిఫ్ట్ కార్డులు పోర్టల్లో ఉన్నాయి. పదింతల పాయింట్లు. మూడువేల దూరం ఒక్క దెబ్బకి చెరిగిపోతుంది. సరోజకి లాప్‌టాప్ లాప్‌టాప్‌లాగే వస్తుంది, ఎవరికీ రూపాయి నష్టం లేదు. గ్రూపులో ఒక మాట చెప్దామా అనుకున్నాడు. చెప్పలేదు.

ఒకే పెద్ద కార్డు కొంటే పోయేది. కానీ ఇది చదివింపు. చదివింపుల్లో ఎవరి పేరు వాళ్ళదే, ఎవరి పదహార్లు వాళ్ళవే. ముప్పైమంది ఇచ్చింది ఒక్క కుప్పగా పోయడం అతనికి మర్యాదగా తోచలేదు. కార్డు మీద ఇచ్చినవారి పేరూ ఫోన్ నంబరూ రాసుకునే వీలుంది. ఎంత మొత్తానికైనా కార్డు తీసుకోవచ్చు. కనుక ఉదయ్‌కిరణ్ భోజనం మానేసి, ముప్పై పేర్లతో, ఒక్కోటి వెయ్యినూటపదహారుకి, ముప్పై కార్డులు కొన్నాడు. ప్రతిసారీ 'నిబంధనలు చదివాను' అన్న గడిలో టిక్కు పెట్టాడు. ఒక్కసారి కూడా చదవలేదు.

శనివారం మధ్యాహ్నం సరోజనీ హనుమయ్యనీ వెంటబెట్టుకుని షాపుకి వెళ్ళాడు. హనుమయ్య ఉతికిన తెల్లచొక్కా వేసుకొచ్చాడు. లాప్‌టాప్ పెట్టె కౌంటర్ మీద పెట్టారు. కౌంటర్ వెనకున్న ఆవిడ మొదటి కార్డు నంబరు కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"భయ్యా, యే తో బంద్ హై."

"బందా? దీదీ, దూస్రా దేఖియే."

రెండోదీ బందే. ఐదోదీ బందే. ఉదయ్‌కిరణ్ ఫోన్ తీసి చూస్తే, పొద్దున వచ్చిన మెయిల్ చదవకుండా పడుంది. మీ కొనుగోళ్ళలో అసాధారణమైన పోలిక కనిపించింది. వేర్వేరు పేర్ల మీద ఒకే విచిత్రమైన మొత్తం ముప్పైసార్లు. తిరిగి అమ్ముకోవడానికో, జూదానికో కొన్నారని అనుమానం. కార్డులన్నీ ఆపేశాం. విచారణకి ఇరవై ఒక్క పనిదినాలు. గిఫ్ట్ కార్డులకి డబ్బు వాపసు ఉండదు.

అతనికి భయం కన్నా ముందు ఆశ్చర్యం వేసింది. దేశం మొత్తం మీద ఆ శుక్రవారం మధ్యాహ్నం ఎన్ని లక్షలమంది ఎన్ని కొన్నారో! అంత సముద్రంలో, లక్ష్మీ నగర్ బేస్‌మెంటు తాలూకు పదహార్లని వెతికి పట్టుకుంది ఆ యంత్రం. పట్టుకుని, ఇదేదో దొంగతనం అనుకుంది.

"ఏటయింది బాబూ?" అన్నాడు హనుమయ్య.

చెప్పాడు. పాయింట్ల సంగతి తప్ప అంతా చెప్పాడు.

"పాపా, రెహ్నే దో నా," అంది సరోజ చిన్నగా. "సోమవారం ఎవరిదైనా తీసుకుంటాను."

ఎవరిది? ఉదయ్‌కిరణ్ దగ్గరున్నది ఆఫీసు వాళ్ళది, దాంట్లో ఇంకో ప్రోగ్రాం పెట్టనివ్వరు. చేతిలో డబ్బుందా అంటే, ఇరవై ఎనిమిదో తారీఖు. చెమట తుడుచుకుని పోర్టల్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేశాడు. ఒకటి నొక్కి, నాలుగు నొక్కి, నలభై నిమిషాలు పాట విన్నాక ఒక ఆడపిల్ల పలికింది. గుర్గావ్ ఆఫీసు నుంచి, పేరు ఇషిత. అతను తనకొచ్చిన హిందీలో మొత్తం చెప్పుకొచ్చాడు.

"సర్, ఏక్ బాత్ బతాయియే. గ్యారహ్ సౌ సోలహ్ హీ క్యోం? సీదా హజార్ క్యోం నహీ?"

సరిగ్గా వెయ్యి కాక ఈ నూటపదహారెందుకు అని అతన్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. మెదడంతా వెతుక్కుని, చివరికి ఢిల్లీ పెళ్ళిళ్ళలో తను చూసిన చదివింపుల కవర్లు గుర్తుకొచ్చాయి.

"మేడమ్, ఆప్ లోగ్ షగున్‌లో ఏక్ సౌ ఏక్ దేతే హైఁ నా? లిఫాఫా మీద ఆ ఒక్క రూపాయి అంటించి?"

అటునుంచి నవ్వు.

"అచ్ఛా! షగున్ హై! తో ఆప్‌కా ఏక్ రుపయా సోలహ్ రుపయే కా హోతా హై?"

"జీ మేడమ్. మీ ఒక్కటి మాకు పదహారు. మావాళ్ళకి కొంచెం చెయ్యి పెద్దది," అన్నాడు సగం తెలుగులోనే. అది ఆమెకి ఎంత అర్థమైందో గానీ గొంతు మెత్తబడింది. తనంతట తాను కార్డులు వదలలేదట. కానీ కార్డు మీద పేరున్న ప్రతి మనిషి ఫోన్‌కీ ఒక లింకు పంపుతుంది. 'అవును, ఈ కానుక నాదే' అని ముప్పైమందీ ఒప్పుకుంటే, తన పై ఆఫీసరు చేత సంతకం పెట్టిస్తుంది. ఐదింటికి షిఫ్టు అయిపోతుంది. రేపు ఆదివారం. "ముప్పైకి ముప్పై కావాలి సర్. ఇరవై తొమ్మిదైనా సిస్టమ్ ఒప్పుకోదు."

టైము మూడూ పది.

ముప్పైమంది ఒక్క ఊళ్ళో లేరు. ఒకడు నిజామాబాద్‌లో ట్యాక్సు ఆఫీసులో, ఒకడు పుణేలో, ఒకామె దుబాయ్‌లో. తెలియని లింకు నొక్కవద్దని రోజూ బ్యాంకులు అందరికీ మెసేజీలు పెడుతుంటాయి. నొక్కండి అనాలంటే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెప్పాలంటే పాయింట్ల సంగతి చెప్పాలి.

ఉదయ్‌కిరణ్ షాపు బయట మెట్ల మీద కూర్చుని టైపు చేశాడు. "అందరికీ క్షమాపణ. మీరు పంపిన డబ్బుతో నేను నేరుగా కొనలేదు. పోర్టల్లో గిఫ్ట్ కార్డులు కొన్నాను. వచ్చే పాయింట్లతో నాకు విమానం టికెట్ వస్తుందని. మీకు చెప్పకుండా చేశాను. ఇప్పుడు కార్డులు ఆగిపోయాయి. మీకొచ్చే లింకు నిజమైనదే. ఐదులోపు నొక్కితేనే సరోజకి లాప్‌టాప్." పంపే ముందు లేచి లోపలికి వెళ్ళి, అదే హనుమయ్యకి చదివి వినిపించాడు. ఆయనకి ముందు తెలియకుండా గ్రూపులో పడడం న్యాయం కాదనిపించింది.

హనుమయ్య విని, చొక్కా గుండీ సర్దుకున్నాడు. "సరే, పంపీ," అన్నాడు. అంతే.

గ్రూపు భగ్గుమంది.

"ఒరేయ్, మా పదహార్లతో రెక్కలు కట్టుకుందామనుకున్నావా?" నిజామాబాద్ శశిధర్.

"కిటికీ సీటేనా, లేక మధ్య సీటా?" దుబాయ్ నుంచి కావేరి.

"నాకు ముందే డౌటు. వీడు లెక్క తప్పడు అంటే, తన లెక్క తప్పడని."

ఆ చివరి మాటకి అతని కళ్ళు మండాయి. కానీ ఆ మాట రాసినవాడే కింద రాశాడు: "నొక్కాను. తర్వాతవాళ్ళు కానివ్వండి."

ఇషిత ఫోన్ పెట్టేయలేదు. ఆమె చెబుతున్నది వినిపించడానికి ఉదయ్‌కిరణ్ స్పీకర్ పెట్టాడు. ఆమె తెరమీద ఒక్కో పేరూ పచ్చగా మారగానే పైకి చదువుతోంది. "శశిధర్, గ్యారహ్ సౌ సోలహ్, కన్ఫర్మ్డ్. కావేరి, గ్యారహ్ సౌ సోలహ్, కన్ఫర్మ్డ్..."

హనుమయ్య స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు. పేరు పేరుకీ తల ఊపడం మొదలుపెట్టాడు.

"శశిధర్... ఉల్లిపాయ ఏరి పక్కనెట్టీవోడు. కావేరమ్మ... రసం గ్లాసులో పోయించుకుని తాగీది, రెండు గ్లాసులు. చైతు... ఆడికి జొరమొస్తే మజ్జిగన్నం పై గదికి నేనే అట్టుకెళ్ళేవోణ్ణి."

ఉదయ్‌కిరణ్ చేతిలోని ఫోన్‌నీ, ఆయన్నీ మార్చి మార్చి చూశాడు. పదకొండేళ్ళ కిందట తిని వెళ్ళినవాళ్ళు! ఇరవై రెండేళ్ళలో ఎన్ని వేలమంది ఆ బల్లల ముందు కూర్చుని లేచారో. కాగితం లేదు, కంప్యూటర్ లేదు. అటు గుర్గావ్‌లో యంత్రానికి ముప్పైసార్లూ ఒకే అంకె కనిపించింది. ఇటు ఈయనకి ఏ రెండు కంచాలూ ఒక్కలా లేవు. కౌంటర్ ఆవిడ కూడా బిల్లులు కొట్టడం ఆపి వింటోంది. ఒక్క ముక్క తెలుగు రాకపోయినా.

నాలుగూ నలభై అయిదుకి ఇరవై తొమ్మిది పచ్చబడ్డాయి. మిగిలింది రఘురామ్. మొత్తం ఆలోచన అతనిదే. ఫోన్ తగలడం లేదు.

"సర్, పంద్రహ్ మినట్," అంది ఇషిత.

గ్రూపంతా అతనికి ఫోన్లు చేస్తోంది. ఆడిట్ పని మీద ఎక్కడో తిరుగుతున్నాడని ఒకరు, రైల్లో ఉన్నాడని ఒకరు. సరోజ లాప్‌టాప్ పెట్టె వైపు చూడడం మానేసి గోడవైపు చూస్తోంది. నాలుగూ యాభై. యాభై రెండు.

"కంగారు పడకండి," అన్నాడు హనుమయ్య. "రఘురామ్ ఎప్పుడూ ఆఖరి పంక్తే. గిన్నెలు కడిగేద్దామనుకునేసరికి ఒచ్చీవోడు. ఒచ్చీవోడు మాత్రం."

నాలుగూ యాభై ఆరుకి ఇషిత గొంతు వినిపించింది. ఆమె గొంతులోనూ ఊపిరాడని సంబరం. "రఘురామ్! గ్యారహ్ సౌ సోలహ్! కన్ఫర్మ్డ్!"

గ్రూపులో రఘురామ్ మెసేజి పడింది: "ఇందాక సొరంగంలో ఉన్నాను రా. లింకైతే నొక్కేశాను. ఏమైంది?"

పై ఆఫీసరు సంతకం పడ్డాక కార్డులు ఒక్కొక్కటే పనిచేశాయి. ముప్పై నంబర్లు కొట్టడానికి ఇరవై నిమిషాలు పట్టింది. తక్కువైన పది రూపాయలు హనుమయ్య జేబులోంచి తీసి, నోటు మడత విప్పి, కౌంటర్ మీద పెట్టాడు. ఉదయ్‌కిరణ్ ఫోన్‌కి ఇంకో మెయిల్ వచ్చింది. ఈ కొనుగోలుకి పాయింట్లు వర్తించవు. నిబంధనల ఉల్లంఘన కారణంగా ఖాతా మూసివేశాం. ఎనిమిది నెలల పాయింట్లూ సున్నా. చదివి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

తిరిగి వెళ్ళేటప్పుడు ఈ-రిక్షాలో సరోజ ముందు సీట్లో పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. వెనక హనుమయ్య పక్కన ఉదయ్‌కిరణ్.

"బాబాయ్, నన్ను క్షమించు."

"ఆ షాపులో గోలకి నాకు సరిగ్గా ఇనపడ్లేదు బాబూ," అన్నాడు హనుమయ్య. "ఆ పేర్లు మళ్ళీ ఒక్కసారి సదువు. మన భాషలో."

ఉదయ్‌కిరణ్ ఫోన్ తీశాడు. హారన్ల మధ్య గొంతు పెంచి చదివాడు. శశిధర్, వెయ్యినూటపదహార్లు. కావేరి, వెయ్యినూటపదహార్లు. రిక్షావాడు అద్దంలోంచి వింతగా చూస్తున్నాడు. పేరు పేరుకీ హనుమయ్య తల ఊపుతున్నాడు. రఘురామ్ పేరు అయ్యాక అతను ఆగిపోయాడు. ఇంకొక్కటే మిగిలింది, అది తనది.

"ముప్పయ్యోది?"

"ఉదయ్‌కిరణ్," అన్నాడు మెల్లగా. "వెయ్యినూటపదహార్లు."

"ఆఁ," అన్నాడు హనుమయ్య, రోడ్డు వైపు చూస్తూ. "అప్పడం ఆఖర్న తిందామని కంచం అంచున దాచుకునీవోడు. రోజూ చూసీవోణ్ణి. అన్నమయ్యేసరికి అది మెత్తబడిపోయీది."

రిక్షా మలుపు తిరిగింది. హనుమయ్య అతని మోకాలి మీద చెయ్యి వేసి, "రేపు ఆదివారం. వేడివేడిది ముందే ఏస్తాను. ముందే తినీ," అన్నాడు.